గంప కింది కోడికీ ఓ మర్యాద ఉంది

అల్లుడు వస్తున్నాడని పొద్దున్నే ఫోను వచ్చింది. ఇంక ఇల్లాలి హడావిడి చెప్పాలా? సంగటికి రాగిపిండి ఉందో లేదో చూసుకోవాలి. ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు డబ్బాలు తీసి వెతుక్కోవాలి. వీటన్నిటికంటే ముందు పెరట్లో తిరుగుతున్న పుంజును పట్టాలి. పిల్లలను ఉసిగొల్పుతాం. వాళ్ళు కేకలు పెడుతూ వెంటపడతారు. కోడి కంచె దూరి, గోడ దూకి, వీధంతా తిరిగి, చివరకు నోరు తెరుచుకుని రొప్పుతూ ఏ మూలనో చిక్కుతుంది. రెండు కాళ్ళూ పట్టి తలకిందులుగా వేలాడదీసి తెస్తారు. పది నిమిషాల్లో కోత, గంటలో కూర. భోజనాల దగ్గర అల్లుడుగారు ముక్కను నమిలీ నమిలీ, "కోడి కాస్త ముదురు లే అత్తా!" అంటాడు.

కోడి ముదురే కావచ్చు. కానీ నేరమంతా దాని వయసుదే కాదు. దాన్ని పట్టిన తీరుదీ, కోసిన తీరుదీ కూడా.

మాంసం తినమని గానీ, మానమని గానీ చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అది ఎవరింటి ఆచారం వారిది. తినే ఇళ్ళలో, అందులోనూ పెంచిన కోడిని ఇంట్లోనే కోసుకునే ఇళ్ళలో, ఈ పని ఎలా జరుగుతోందో ఒక్కసారి ఆలోచించుకుందామని మాత్రమే. కూరలో ఉప్పు ఎంత, కారం ఎంత అని ఎన్నోసార్లు చెప్పుకుంటాం. కూరకు ముందు జరిగే పని గురించి మాత్రం మనలో మనం కూడా మాట్లాడుకోం.

ఎర్రపెట్ట కథ

నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. మా ఇంట్లో ఓ ఎర్రపెట్ట ఉండేది. నేను నూకలు చల్లితే అన్ని కోళ్ళకంటే ముందు వచ్చేది. గుడ్లు పెట్టడం మానేసిందని ఓ పండగనాడు దాన్ని కోయాలనుకున్నారు. కోసే కత్తి కొబ్బరికాయలు కొట్టీ కొట్టీ మొద్దుబారిపోయి ఉంది. ఒక్కసారికి తెగలేదు. రెండోసారికీ తెగలేదు. పెట్ట చేతిలోంచి జారి వాకిట్లో పరుగెత్తింది. మిగతాది రాయను.

ఆ రోజు నేను కూర ముట్టలేదు. మా అమ్మ నన్ను బలవంతపెట్టలేదు. తనూ సంగటిలో మజ్జిగ పోసుకుని తిని లేచింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో కోడిని కోయాలంటే, అమ్మ ముందురోజే కత్తిని సానరాయి మీద తనే నూరి పెట్టేది. గోటి మీద ఆనించి చూసుకుని గానీ మగవాళ్ళ చేతికిచ్చేది కాదు. "తిండి కోసం చంపుతాం సరే, హింసపెట్టి చంపే హక్కు మనకెవరిచ్చారు?" అనేది. పెద్దగా చదువుకోని మా అమ్మ అన్న ఆ మాటనే ఇప్పుడు శాస్త్రం కూడా అంటోంది.

మన కరువు సీమలో కోడి అంటే...

మా రాయదుర్గం కర్ణాటక సరిహద్దున కొండకోట నీడలో ఉన్న ఊరు. మా అనంతపురం సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. పక్కనే కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళితే పొలాల్లో ఇసుక మేటలు కనిపిస్తాయి. వేరుశనగ పంట ఒక ఏడాది వస్తే రెండేళ్ళు రాదు. అలాంటి చోట పెరట్లో నాలుగు కోళ్ళుంటే అది ఇల్లాలికి ఎంత ధైర్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు. పురుగూ పుట్రా, చెదలు, రాలిన గింజ ఏరుకుని తిని అది పెరుగుతుంది. గుడ్లమ్మినా, పుంజునమ్మినా ఆ డబ్బు మన కొంగున ముడి వేసుకునేది. పిల్లల నోటు పుస్తకాలకూ, పెద్దవాళ్ళ మందులకూ ఎన్నిసార్లు అక్కరకొచ్చిందో!

అంగట్లో దొరికే బ్రాయిలరు కోడి ఐదారు వారాల్లో పెరిగి వచ్చేస్తుంది. అది ఎక్కడ పుట్టిందో, ఎలా వచ్చిందో మనకు తెలీదు. నాటుకోడి అలా కాదు. కోతకు రావడానికి ఆరేడు నెలలైనా పడుతుంది. ఘాగస్, అసీల్ లాంటి మన నాటు జాతులైనా, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలైనా, పెరట్లో పెంచితే రోజూ మన చేతి గింజలు తినే పెరుగుతాయి. సాయంత్రమైతే మనం మూసిన గంప కిందే నిద్రపోతాయి. కాబట్టి దాని చివరి గంట ఎలా గడుస్తుందన్నది కూడా మన చేతిలోనే ఉంది.

కోడికి భయమేస్తే ఏమవుతుంది?

కోడికి మనలా చెమట పట్టదు. ఒళ్ళు వేడెక్కితే నోరు తెరిచి రొప్పడమే దానికి ముఖ్యమైన ఉపాయం. మన ఎండల్లో పిల్లల చేత తరిమిస్తే దాని ప్రాణం సగం అక్కడే పోతుంది. ఇంకో సంగతి. మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య అడ్డుగా ఒక కండరపు పొర ఉంటుంది. కోడికి అలాంటిది లేదు. తలకిందులుగా వేలాడదీస్తే పొట్టలోని బరువంతా ఊపిరి ఆడే భాగాల మీద పడుతుంది. కాసేపు రెక్కలు కొట్టుకుని తర్వాత కదలకుండా ఉండిపోతుంది. "చూడు, ఎంత బుద్ధిగా ఉందో" అనుకుంటాం. అది బుద్ధి కాదమ్మా, భయంతో బిగుసుకుపోవడం.

ఇందులో మన వంటకు సంబంధించిన లెక్క కూడా ఉంది. కోడి చావుకు ముందు బాగా కొట్టుకుంటే కండలో దాచుకున్న శక్తి ఒక్కసారిగా ఖర్చయిపోయి అక్కడ ఆమ్లం పేరుకుంటుంది. మాంసం త్వరగా బిగుసుకుని గట్టిపడుతుంది. రెక్కలు టపటపా కొట్టుకున్నప్పుడు కీళ్ళ దగ్గర నెత్తురు గడ్డకట్టి ఎర్రటి మచ్చలు పడతాయి. ఒక్కోసారి రెక్క ఎముకే విరుగుతుంది. ప్రశాంతంగా పోయిన కోడి మాంసం చూడ్డానికీ, తినడానికీ కూడా బాగుంటుంది. దయకు దయ, రుచికి రుచి!

ముందురోజు సాయంత్రమే మొదలు

కోడిని కోయాలని ముందే అనుకుంటే సగం పని సులువవుతుంది. పొదుగులో ఉన్న పెట్టనూ, వెంట పిల్లలున్న తల్లికోడినీ వదిలేయండి. హుషారుగా మేత తింటూ, కళ్ళు మెరుస్తూ, ఈకలు నున్నగా ఉన్నదాన్నే ఎంచుకోండి. పశువుల డాక్టరు దగ్గర మందు వేయించి ఎన్నాళ్ళో కాకపోతే, ఎన్ని రోజులు ఆగి కోయాలో ఆయన్నే అడగండి.

పగలు తరిమి పట్టకండి. చీకటి పడి కోళ్ళన్నీ సర్దుకున్నాక వెళ్ళండి. చీకట్లో కోడికి చూపు ఆనదు, కదలదు. మెల్లగా రెండు చేతులూ రెక్కల మీదుగా వేసి, రెక్కలు ఒంటికి ఆనేలా పట్టుకుని ఎత్తుకోండి. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఛాతీ కింద ఒక చెయ్యి ఆసరా ఉండాలి. వేరే గంప కింద పెట్టండి. కానీ ఆ గంపను మిగతా కోళ్ళకు దగ్గర్లోనే ఉంచండి. కోడి గుంపులో బతికేది. తోటివాటి సడి వినబడుతుంటే బెదరదు.

కోతకు 8 నుంచి 12 గంటల ముందు గింజలు ఆపేయండి. మెడ కింది మేతసంచి, పేగులు ఖాళీ అయితే శుభ్రం చేసేటప్పుడు మాంసానికి మలినం అంటదు. అంతకంటే ఎక్కువసేపు మాడ్చకండి. నీళ్ళు మాత్రం చివరిదాకా ఉండాల్సిందే. ఏ కోడినీ దాహంతో చావనివ్వకండి. నీటి విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా!

జీన్సు ముక్కతో సంచి

మా ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే ఇళ్ళు బోలెడు. ఏ ఇంట్లో చూసినా పాత ప్యాంటో, కత్తిరింపు ముక్కో ఉంటుంది. దాంతో మంచి ఉపాయం ఒకటుంది. పాత జీన్సు ప్యాంటు కాలును మోకాలి దగ్గర కత్తిరించండి. కింది మూతిని కోడి తల, మెడ మాత్రం బయటకు వచ్చేంత ఇరుకుగా కుట్టండి. పైమూతి నుంచి కోడిని తల ముందుగా మెల్లగా జార్చండి. రెక్కలు ఒంటికి ఆనుకుని ఉంటాయి. గుడ్డ మందం కాబట్టి గోళ్ళు చీల్చవు. కొట్టుకోవడానికి వీలుండదు, విరగడానికీ వీలుండదు. ఒళ్ళంతా చుట్టినట్టుండి కళ్ళకు వెలుతురు తగ్గితే కోడి చాలావరకు నెమ్మదిస్తుంది. కళ్ళ మీద పలుచటి గుడ్డ కప్పితే ఇంకా మంచిది. పని అయ్యాక సంచిని వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. అది దొరక్కపోతే మందపాటి పాత తువ్వాలు చుట్టినా సరే.

కత్తి, కోసే చెయ్యి

ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కోయాలి. ఒంటరిగా కాలి కింద రెక్కలు తొక్కిపెట్టి కోసే అలవాటు ఉంటే మాన్పించండి. తెల్లవారుజామున చల్లని వేళ మంచిది. మిగతా కోళ్ళకు కనబడని చోటు చూసుకోండి.

కత్తి పదును కంటే పెద్ద దయ లేదు. కోడి కోతకు ఒక కత్తిని వేరుగా ఉంచండి. దాంతో కొబ్బరికాయలు, చెక్కముక్కలు కొట్టకండి. ముందురోజే సాన పట్టించండి. కాగితం ముక్క పట్టుకుని కోస్తే జర్రున తెగాలి. అప్పుడే అది పనికొస్తుంది. కోడి ముందు నిలబడి నూరకండి.

కోసేటప్పుడు గొంతు దగ్గర ఈకలను పక్కకు తొలగించి, తలకు దగ్గరగా, దవడ కిందుగా లోతుగా ఒక్క లాగున కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించకూడదు. మెడకు రెండు పక్కలా ఉన్న రక్తనాళాలూ ఒకేసారి తెగాలి. రెండూ తెగితే తలకు నెత్తురు అందక త్వరగా స్పృహ పోతుంది. ఒక్క పక్కే తెగితే చాలాసేపు బాధపడుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. కోత అయ్యాకే తల కిందికి వంచి నెత్తురు కారనివ్వండి.

స్పృహ పోయాక కూడా కోడి కాసేపు కొట్టుకుంటుంది. అది నరాల అదురు మాత్రమే. అయినా ఆ సంచిలోంచి తీయకుండా కనీసం 2 నిమిషాలు అలాగే పట్టుకోండి. ఊపిరి ఆగిందా చూడండి. కంటిని వేలితో మెల్లగా తాకండి. రెప్ప కదలకపోతే ప్రాణం పోయినట్టు. అప్పటిదాకా వేడినీళ్ళ దగ్గరకు తీసుకెళ్ళవద్దు. తొందరపడి ప్రాణం ఉండగానే వేడినీళ్ళలో ముంచే ఇళ్ళున్నాయి. అంతకంటే పాపం ఇంకోటి లేదు.

కొందరు మెడ మెలితిప్పి చంపుతారు. తెలియని చెయ్యి మెలితిప్పితే ఎముక తప్పదు, ఊపిరి ఆడక విలవిలలాడుతుంది. చేతితో మెడ ఎముక తప్పించడానికి కూడా నేర్పు కావాలి. ఐరోపా దేశాల 2009 నాటి నిబంధన ఆ పద్ధతిని 3 కిలోల లోపు పక్షులకే పరిమితం చేసింది. నేర్చుకోని వాళ్ళం మనం ఆ జోలికి పోకపోవడమే మంచిది.

ఆచారమూ, చట్టమూ

మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళవాళ్ళు కోడిని సాయిబు చేత కోయించుకుంటారు. ఇస్లాం ఆచారంలో కత్తి పదునుగా ఉండాలనీ, జీవి ఎదుట కత్తి నూరకూడదనీ, ఒకదాని కళ్ళెదుట మరొకదాన్ని కోయకూడదనీ చెబుతారు. ఒక్క వేటుతో తల వేరు చేసే ఆచారమున్న ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు "ఒక్క దెబ్బకే పోవాలి" అంటారు. దారులు వేరైనా జీవి బాధపడకూడదన్న మాట ఒక్కటే.

గుడి ఆవరణలో కోళ్ళు, మేకలను బలివ్వడాన్ని మన రాష్ట్రంలో 1950 నాటి చట్టమే నిషేధించింది. ఇక జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనుక ఒక స్త్రీ పట్టుదల ఉందని మనలో ఎందరికి తెలుసు? కళాక్షేత్ర స్థాపించిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు ఈ విషయం మీద బిల్లు తెచ్చారు. తర్వాత ప్రభుత్వమే చట్టం చేసింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. ఆవిడ శాకాహారి. కానీ ఆ చట్టం మాంసం తినేవాళ్ళను నేరస్థులు అనలేదు. తిండి కోసం చంపడం నేరం కాదు, అందులో అనవసరమైన బాధ పెట్టడం నేరం అంది. బాధ కలిగేలా మోసుకుపోవడమూ నేరమే అంది. సంత నుంచి మోపెడ్ హ్యాండిలుకు అరడజను కోళ్ళను తలకిందులుగా కట్టి తెచ్చే మన మగవాళ్ళకు ఈ మాట ఒకసారి చెప్పి చూడండి. గాలి ఆడే గంపలోనో, చిల్లులున్న అట్టపెట్టెలోనో తెమ్మనండి.

"పోయేదే కదా, కోసేద్దాం" అనకండి

ఈ మాట మన కరువు ఇళ్ళలో ఎక్కువ వినబడుతుంది. కోడి మూలన కూర్చుని తూలుతుంటుంది. మెడ వంకర పోతుంది, పచ్చగా విరేచనాలవుతాయి. కొక్కెర తెగులు అని తెలుస్తూనే ఉంటుంది. చచ్చిపోతే దండగ అని హడావిడిగా కోసేస్తాం. నష్టం భరించలేక చేసే పని అది, నాకు తెలుసు. కానీ జబ్బు కోడిని కోస్తే మన చేతులకూ, కత్తికీ, వంటింటికీ, పక్కనున్న కోళ్ళకూ ప్రమాదమే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్ళు పోయాయో పేపర్లలో చదివాం. జబ్బు కోడిని వేరుగా ఉంచి పశువైద్యశాలకు కబురు పెట్టండి. చనిపోతే లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. అంతకంటే ముందు, టీకాలు వేయించండి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్కలు, 8 వారాలకు ఆర్-2-బి సూది వేస్తారు. కోడి ఖరీదులో ఆ ఖర్చు ఏపాటి?

పిల్లల సంగతి

పిల్లలను కోడిని తరమడానికి పంపకండి. కోత చూడమని బలవంతం చేయకండి. "మగపిల్లాడివి, భయమేంటిరా" అని వెక్కిరించకండి. భయపడే పిల్లవాడికి లేతమనసు ఉందన్నమాట, అది లోపం కాదు. అలాగని "కోడి ఊరెళ్ళింది" అని అబద్ధమూ చెప్పకండి. ఏదో ఒకరోజు వాళ్ళకు తెలుస్తుంది. అడిగితే నెమ్మదిగా నిజం చెప్పండి. ఆ పూట తిననంటే తిననివ్వకండి, పప్పు చారు వేసి పెట్టండి. నాకు మా అమ్మ చేసిన మేలు అదే.

వంటింట్లోకి వచ్చాక

ఈకలు తీయడానికి నీళ్ళు మరగక్కర్లేదు. చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 60 నుంచి 65 డిగ్రీలు చాలు. ముప్పావు నిమిషం నుంచి ఒక నిమిషం ముంచి తీస్తే ఈకలు సులువుగా వస్తాయి. మరిగే నీళ్ళలో వేస్తే చర్మం చిరిగిపోతుంది. తర్వాత మన అలవాటు ప్రకారం పసుపు రాసి మంట మీద కాల్చుకోండి. లోపలిభాగం తీసేటప్పుడు కార్జానికి అంటుకుని ఉన్న చేదుతిత్తి పగలకుండా చూడండి. పగిలితే కూరంతా చేదే. కందనకాయను చీల్చి లోపలి పొర తీసేయండి.

ఫ్రిజ్ ఉన్నవాళ్ళు ముక్కలను మూతపెట్టి ఐదారు గంటలు అందులో ఉంచి వండుకుంటే బిగుసుకున్న కండ మెత్తబడుతుంది. ఫ్రిజ్ లేకపోతే ఆలస్యం చేయకుండా వండేయండి. మన ఎండల్లో పచ్చిమాంసం బయట గంటకు మించి ఉండకూడదు. కత్తి, పలక, చేతులు సబ్బుతో కడిగాకే మిగతా వంట ముట్టుకోండి. ముక్క సన్నమంట మీద నిదానంగా ఉడకనివ్వండి. లోపల ఎర్రదనం పోయేదాకా దించవద్దు.

చివరగా ఒక్క మాట. ఈ పని మగవాళ్ళది, మనకెందుకు అనుకోకండి. కోడిని పెంచింది మనం, ఎప్పుడు కోయాలో చెప్పేది మనం, వండి వడ్డించేదీ మనం. మధ్యలో ఆ పావుగంట మాత్రం మనది కాదంటే ఎలా? కత్తి పదును పెట్టించడం, సంచి కుట్టడం, "తొందరపడకండి, రెండు నిమిషాలు ఆగండి" అని వాకిట్లో నిలబడి చెప్పడం మన పని. మా అమ్మ చేసినట్టుగా ముందురోజు రాత్రి గంప కింద ఒక మూకుడు నీళ్ళు పెట్టడం కూడా మన పనే. ఆ కోడి మనకు ఇన్నాళ్ళూ గుడ్లిచ్చింది, రేపు కూరవుతుంది. ఆ మాత్రం మర్యాద దానికి మనం బాకీ.